పాత తప్పులు, కొత్త ప్రాజెక్టులు

పశ్చిమ ప్రకాశంలో ఈనాడు సాఫ్ట్‌వేరు అనే మాట వినబడని ఇల్లు అరుదు. వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో వానను నమ్ముకొని కంది, మిరప, పొగాకు పండించే కుటుంబాలు, బేల్దారి పనికీ పలకల పనికీ వెళ్ళే కుటుంబాలు తమ పిల్లలను ఇంజనీరింగు చదివించి హైదరాబాదుకో బెంగళూరుకో పంపుతున్నాయి. మన ముస్లిం కుటుంబాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. అమ్మ నగలు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టిన ఇళ్ళున్నాయి. ఎకరం అమ్మి చదివించిన ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళకు కొడుకు జీతమెంతో, కూతురు పనిచేసే కంపెనీ ఏదో తెలుసు. అయితే ఆ పిల్లలు చేసే పని ఏమిటో, ఎందుకు రాత్రి రెండు గంటల వరకు కంప్యూటరు ముందు కూర్చుంటున్నారో, ఎందుకు పండుగకు ఇంటికి రాలేకపోయారో చాలామందికి తెలియదు. “ప్రాజెక్టు ఆలస్యమైందట” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు.

మేము వెలిగండ్ల మండలంలో పుట్టి పెరిగి, హైదరాబాదులో సాఫ్ట్‌వేరును పరీక్షించే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా గడిపాము. ఒకరు రాసిన ప్రోగ్రాము ఎక్కడ తప్పుతుందో వెదకి పట్టుకోవడం మా వృత్తి. ఆ వృత్తి మాకు నేర్పిన ముఖ్యమైన పాఠమొకటుంది. ప్రాజెక్టులు చెడిపోయేది అంతుపట్టని కొత్త కారణాల వల్ల కాదు. వేళ్ళమీద లెక్కించదగిన కొన్ని పాత తప్పులే కంపెనీ మారినా, మనుషులు మారినా, కాలం మారినా తిరిగి తిరిగి వస్తుంటాయి. ఆ తప్పులను గుర్తుపట్టడం పిల్లలు నేర్చుకోవాలనీ, వారి పని స్వభావాన్ని పెద్దలు కొంతైనా అర్థం చేసుకోవాలనీ ఈ వ్యాసం రాస్తున్నాము.

ఇటువంటి తప్పులకు మా రంగంలో ఒక పేరుంది. 1995లో ఆండ్రూ కోనిగ్ అనే అమెరికా ప్రోగ్రామరు వీటిని ‘యాంటీ ప్యాటర్న్’ అన్నారు. ప్రతి పొరపాటునూ ఆ పేరుతో పిలవరు. చూడగానే సరైన పరిష్కారంలా కనిపించాలి, చాలామంది దాన్నే ఆశ్రయిస్తుండాలి, చివరకు అది మేలుకంటే కీడే ఎక్కువ చేయాలి. అప్పుడే అది ఆ కోవలోకి వస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ మందుల దుకాణంలో సూది వేయించుకోవడం లాంటిదన్న మాట. ఆ పూటకు తగ్గినట్టే ఉంటుంది కనుక మళ్ళీ అదే చేస్తాము. అలవాటుగా మారిన తప్పును పట్టుకోవడం కష్టం కావడానికి కారణమిదే. అది తప్పులా కనిపించదు.

వాడేవారిని చూడకుండా కట్టడం

మొదటి తప్పు మన అందరి అనుభవంలోనూ ఉన్నదే. ఏదైనా దరఖాస్తు తెరవండి. పేరుకు రెండు గళ్ళుంటాయి. ఒకటి పేరు, రెండవది ఇంటిపేరు. రెండూ తప్పనిసరి. మన ఇళ్ళలో పేర్లు ఆ గళ్ళలో ఇముడుతాయా? ‘షేక్’ అన్నది ఒక కార్డులో ముందుంటుంది, ఇంకొక దానిలో చివరకు వెళుతుంది, మూడవ దానిలో ‘ఎస్.కె.’ అని కుదించుకుపోతుంది. ‘మహమ్మద్’ ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకొకచోట ‘ఎం.డి.’ అవుతుంది. ఇంగ్లీషులో రాసేసరికి అదే పేరు నాలుగు రకాలవుతుంది. ఆడవారి పేర్ల చివర ‘బీ’, ‘బేగం’, ‘ఉన్నీసా’ ఒక పత్రంలో ఉంటాయి, మరొక పత్రంలో ఉండవు. ఒకే మాటగా పేరున్న పెద్దవారికి రెండవ గడిలో ఏమి నింపాలో తెలియదు. కంప్యూటరు అక్షరాలను పోల్చి చూసి ‘సరిపోలలేదు’ అంటుంది. ఆ ఒక్క మాటతో పింఛను ఆగుతుంది, విద్యార్థి వేతనం ఆగుతుంది, పాస్‌పోర్టు ఆగుతుంది. మనిషి తాను తానేనని నిరూపించుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనవసరం లేదు. ఆ గళ్ళు గీసినవాడు తన ఇంటి పేర్లనే లోకంలోని పేర్లనుకున్నాడు, అంతే. మేము పనిచేసిన ఒకచోట ఒకే లోపం వరుసగా మూడు రిలీజులలో తిరిగి వచ్చింది. ప్రతిసారీ ఒక జూనియరును మందలించి, ఆ ఒక్క పేరును సరిచేసి ముందుకు సాగేవారు. నాలుగవసారి కారణం వెదకితే బయటపడినది వేరు. పరీక్షకు వాడుతున్న నమూనా పేర్లన్నీ ఆఫీసులో కూర్చున్నవారు ఊహించి రాసుకున్నవే. వాటిలో ఒకే మాటగా ఉన్న పేరు లేదు, చుక్కలున్న పేరు లేదు, నాలుగు మాటలున్న పేరు లేదు. పల్లెలలో ఉండే పేర్ల తీరు చూసి, ఆ తీరులో నమూనాలు చేర్చిన తరువాత ఆ లోపం మళ్ళీ తలెత్తలేదు.

వేలిముద్రల సంగతీ ఇటువంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషను దుకాణాలలో ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. ఆధార్‌లోని వేలిముద్రతో సరిపోలితేనే బియ్యం. దొంగ కార్డులను అరికట్టడం మంచి ఉద్దేశమే. కాని రాళ్ళు కొట్టిన చేతులకు, సిమెంటు కలిపిన చేతులకు, ఏళ్ళ తరబడి పొలం పని చేసిన ముసలి చేతులకు వేళ్ళ గీతలు అరిగిపోయి ఉంటాయి. రేషను అవసరం ఎక్కువగా ఉన్నదీ ఆ చేతులకే. అందుకే ఇటువంటి పథకానికి సాఫ్ట్‌వేరు రాసేవారు మొదటిరోజే రెండవ తలుపు గురించి ఆలోచించాలి. వేలిముద్ర పడకపోతే కనుపాప, అదీ కుదరకపోతే బాధ్యతగల అధికారి ధ్రువీకరణ. ఇవి గోల మొదలయ్యాక అతికించేవి కాకూడదు, పునాదిలోనే ఉండాలి. దీనికి మందు కూడా సులువైనదే. ప్రోగ్రాము రాసేవారు వారం రోజులు ఆ దుకాణం ముందు కూర్చొని, వరుసలో నిలబడినవారిని గమనించి రావడం.

పరీక్షను చివరికి నెట్టడం

ప్రతి ప్రాజెక్టు పట్టికలోనూ పరీక్షకు చివరి నెల కేటాయిస్తారు. ముందు పనులు ఆలస్యమైనకొద్దీ ఆ నెల మూడు వారాలవుతుంది, తరువాత వారమవుతుంది, చివరకు రెండు రోజులు మిగులుతాయి. తేదీ మాత్రం మారదు. మేము ఈ తంతును ఎన్నిసార్లు చూశామో లెక్క చెప్పలేము.

ఈ నిర్లక్ష్యం ఎంత దూరం వెళ్ళగలదో తెలుగువారికి 2019 ఏప్రిల్‌లో తెలిసింది. తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు ఆ నెల 18న వెలువడ్డాయి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థుల వివరాలను సిద్ధం చేసే సాఫ్ట్‌వేరు పనిని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి ఉన్నారు. ఫలితాలలో తప్పులు గుట్టలుగా బయటపడ్డాయి. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్నా పడింది. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించింది. ఫెయిలైనవారందరి జవాబు పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలించారు. అందులో వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నట్లు పత్రికలు రాశాయి. ప్రతి మరణానికీ సాఫ్ట్‌వేరే కారణమని అనడం న్యాయం కాదు. అయినా తన మార్కుల పట్టికను నమ్మాలో వద్దో తెలియని స్థితిలో ఒక తరం పిల్లలను నిలబెట్టడం చిన్న విషయం కాదు.

ఆ సున్నా దగ్గర కొంచెం ఆగుదాము. పత్రం దిద్దినవారు గుండ్రని గళ్ళు నింపడంలో పొరపడ్డారు. దానిని సరిచూడవలసినవారు చూడలేదు. మనిషి పొరపడడం సహజం. ఇక్కడ మా వృత్తి అడిగే ప్రశ్న వేరు. ఒక సబ్జెక్టులో సున్నా వచ్చి, మిగిలిన వాటిలో మంచి మార్కులున్న పిల్ల కనబడితే, “ఒకసారి చూడండి” అని హెచ్చరించే నాలుగు వరుసల ప్రోగ్రాము ఎందుకు లేదు? కొత్త విధానాన్ని పాత విధానంతో పక్కపక్కనే నడిపి, రెండు ఫలితాలూ ఒకటేనా అని పోల్చి చూడడం మా రంగంలో ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. బ్యాంకులు కంప్యూటర్లకు మారిన రోజులలో కాగితపు ఖాతా పుస్తకాలను కూడా కొంతకాలం సమాంతరంగా నడిపింది అందుకే. అది రెండింతల పని అనిపిస్తుంది. చేయకపోతే పడే పని దానికి ఎన్నో రెట్లు.

ఆలస్యమైన పనికి మనుషులను పెంచడం

ప్రాజెక్టు వెనుకబడగానే పైవారికి తోచే మొదటి ఉపాయం మరో పదిమందిని చేర్చడం. ఐబీఎం సంస్థలో ఓఎస్/360 అనే పెద్ద వ్యవస్థ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ అనే పుస్తకంలో ఈ ఉపాయాన్ని తూర్పారబట్టారు. వెనుకబడిన ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది మరింత వెనుకబడుతుందన్నది ఆయన అనుభవ సారం. కారణం లెక్కలోనే ఉంది. ఐదుగురున్న టీములో ఇద్దరిద్దరి మధ్య మాట్లాడుకోవలసిన జతలు 10. పదిమంది అయితే 45. ఇరవై మంది అయితే 190. మనుషులు రెండింతలైతే మాటలు నాలుగింతలకు పైగా పెరుగుతాయి. పైగా కొత్తగా వచ్చినవారికి పని నేర్పవలసినది అప్పటికే తలమునకలై ఉన్న పాతవారే.

వలీమాకు వంట చేయించిన ఇంటికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఉల్లిపాయలు తరగడానికి పదిమంది వస్తే మేలే. బిర్యానీ దమ్ములో ఉన్నప్పుడు ఇంకొక నలుగురు వంటవారు వచ్చి నిలబడితే అన్నం తొందరగా ఉడకదు. మూత తీసి చూసేవారు ఎక్కువై పాడయ్యే ప్రమాదమే ఉంది. ఏ పని పంచుకోదగినదో, ఏ పనికి దాని సమయం ఇవ్వవలసినదో తెలుసుకోవడమే ఇక్కడ వివేకం. పంచుకోలేనప్పుడు చేయవలసినది రెండే. తేదీని నిజాయితీగా మార్చడం, లేదా ఈ విడతలో ఇచ్చేవి తగ్గించి మిగిలినవి తరువాతి విడతకు పెట్టడం. ఈ రెండూ చేయని చోట మూడవది జరుగుతుంది. పిల్లల నిద్ర, ఆరోగ్యం, ఇంటి సమయం ఆ లోటుకు ఖర్చవుతాయి.

తెలియకముందే తేదీ చెప్పడం

మన ప్రాంతానికి నీళ్ళు తెస్తుందని తరాలుగా ఎదురుచూస్తున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కొండల కింద సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున సొరంగాలు తవ్వాలి. కొండ లోపల రాయి ఎలా ఉందో తవ్వినకొద్దీ తెలిసింది. సొరంగం తవ్వే యంత్రాలు మధ్యలో ఆగిపోయాయి. గడువులు ఎన్నిసార్లు మారాయో మన పెద్దలకు తెలుసు. నిధుల కారణాలు, రాజకీయ కారణాలు వేరే ఉండవచ్చు. కంటికి కనబడని దానిలోకి వెళ్ళేటప్పుడు ముందే తేదీ ఖాయం చేయడం ఎంత కష్టమో మాత్రం వెలిగొండను చూసినవారికి అర్థమవుతుంది. సాఫ్ట్‌వేరు కూడా లోపలికి వెళ్ళినకొద్దీ తెలిసే కొండే.

అయినా ఆఫీసులలో ఏమి జరుగుతుంది? క్లయింటుకు తేదీ ముందే ఇచ్చేస్తారు. ఆ తరువాత పనిచేసేవారిని పిలిచి, “అవుతుంది కదా?” అని అడుగుతారు. కాదని తెలిసిన కుర్రవాడు కూడా తల ఊపుతాడు. పెద్దలకు ఎదురుచెప్పకూడదన్న మర్యాద ఒకటి, ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. ఆపై ప్రతివారం నివేదికలో ‘తొంభై శాతం పూర్తి’ అని రాస్తారు. ఆ తొంభై నెలల తరబడి తొంభైగానే ఉంటుంది.

దీనికి విరుగుడు పనిని చిన్న ముక్కలుగా విడగొట్టడం. రెండు వారాలకొకసారి పనిచేసే ముక్కను వాడేవారి చేతికిచ్చి చూపడం. ‘పూర్తయింది’ అన్న మాటకు అర్థం ముందే ఖాయం చేసుకోవాలి. రాసేసినంత మాత్రాన పూర్తి కాదు, పరీక్షలో నిలిచి ఎవరో ఒకరు వాడినప్పుడే పూర్తి. అటువంటి చోట తల ఊపవలసిన అవసరం ఉండదు. ముక్క ఉందో లేదో కళ్ళకు కనబడుతుంది.

అరువు తెచ్చినదాన్ని సరిచూడకపోవడం

పాత కోడును కొత్త పనికి వాడుకోవడం తప్పు కాదు. దాని వెనుక ఉన్న ఊహలను సరిచూడకపోవడం తప్పు. 1996 జూన్ 4న ఐరోపా దేశాల ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి పైకెగిరి సుమారు 40 సెకన్లకే ముక్కలైంది. ఏరియన్ 4లో చక్కగా పనిచేసిన ఒక ప్రోగ్రామును అలాగే తెచ్చి కొత్తదానిలో పెట్టారు. ఆ ప్రోగ్రాములో ఒక సంఖ్యకు ఇచ్చిన గడిలో 32,767కు మించిన విలువ పట్టదు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. సంఖ్య గడి దాటింది, దారి చూపే వ్యవస్థ ఆగిపోయింది. ఇంకా విచారకరమైన సంగతేమిటంటే, రాకెట్టు పైకెగిరిన తరువాత కొత్తదానికి ఆ ప్రోగ్రాముతో పనే లేదు. 1999లో అంగారకుని దగ్గరకు చేరిన ఒక అమెరికా నౌక కూడా కొలమానాల తేడా వల్లనే నాశనమైంది. ఒక బృందం పౌండ్లలో లెక్క ఇచ్చింది, మరొక బృందం వాటిని న్యూటన్లనుకుంది.

ఇవి ఎక్కడో ఆకాశంలో జరిగినవని అనుకోనక్కరలేదు. జకాత్ లెక్కించే మొబైల్ యాప్‌నే తీసుకోండి. మన ప్రాంతంలో ఉలమాలు బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలని చెబుతారు. పాత తులం 11.664 గ్రాములు. ఆ లెక్కన నిసాబ్ 87.48 గ్రాములు. ఈనాటి నగల దుకాణంలో తులం అంటే 10 గ్రాములు. యాప్ రాసిన కుర్రవాడు దుకాణపు తులాన్నే పెడితే 75 గ్రాములు వస్తాయి. ప్రోగ్రాము ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరం రాదు, జవాబు మాత్రం తప్పు. 80 గ్రాములున్న ఇంటికి లెక్కే తారుమారవుతుంది. సంఖ్య పక్కన కొలమానం రాయని చోట, ఆ కొలమానం ఎక్కడినుంచి తెచ్చారో చెప్పని చోట ఆగి ప్రశ్నించాలి.

ఒక్కరి తలలోనే అంతా ఉండడం

మేము పనిచేసిన మరొకచోట నెలాఖరు బిల్లులు తయారయ్యే విధానం ఒకే ఒక్క ఉద్యోగికి తెలుసు. అతను నెమ్మదస్తుడు, సమర్థుడు. అందుకే ఎవరూ ఏదీ రాసిపెట్టమని అడగలేదు. చెల్లెలి పెళ్ళికి ఊరు వెళ్ళిన నెలలో బిల్లులు ఆగాయి. పెళ్ళి పందిరి పక్కన కూర్చొని అతను ఫోనులో ఒక్కొక్క ఆదేశమూ చెప్పవలసి వచ్చింది. తన అవసరం అంతగా ఉందని అతనికి మొదట గర్వంగా ఉండేది. సెలవు దొరకని మనిషినయ్యానని తరువాత తెలిసింది.

ఇచ్చిపుచ్చుకోవడాలు రాసుకోవాలి, సాక్షులుండాలి అని మన ఇళ్ళలో చిన్ననాటినుంచే నేర్పుతారు. ఎదుటివారిని నమ్మకపోవడం వల్ల అలా చేయము. జ్ఞాపకం తప్పుతుంది, మనిషి శాశ్వతం కాదు, అందుకని రాసుకుంటాము. ప్రోగ్రాముకూ అదే వర్తిస్తుంది. ఏమి చేశారో కోడు చెబుతుంది. ఎందుకు చేశారో రాసిపెడితేనే తెలుస్తుంది. ప్రతి ముఖ్యమైన పనీ కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

సరిచేసుకునే తీరు

తప్పులను గుర్తించడం సగం పనే. అవి మళ్ళీ రాకుండా చేయడం మిగిలిన సగం. ఇక్కడా ఒక అలవాటు అడ్డుపడుతుంది. తప్పు బయటపడగానే “ఎవరు చేశారు?” అని అడగడం. ఆ ప్రశ్నకు జవాబు ఒక పేరు. పేరు దొరకగానే విచారణ ముగుస్తుంది, తప్పు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. పైగా మరుసటిసారి తప్పు కనిపించినవారు నోరు మెదపరు. “ఇది ఎలా జరగగలిగింది? మనకు ఎందుకు ముందే కనబడలేదు?” అని అడిగే టీములే బాగుపడడం మేము చూశాము. ప్రతి విడత ముగిశాక ఒక గంట అందరూ కూర్చోవాలి. ఏది సాగింది, ఏది సాగలేదు, వచ్చేసారి మార్చదగిన ఒక్క సంగతి ఏది అని తేల్చుకోవాలి. ఒక్కటే. పది తీర్మానాలు రాసుకున్న టీము ఒక్కటీ అమలు చేయదు.

చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. చివరి ఏడాది ప్రాజెక్టును అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కొని రావడం మామూలైపోయింది. అది పట్టా తెస్తుంది కాని, పైన చెప్పిన తప్పులలో ఒక్కదాన్నీ పరిచయం చేయదు. మీ ఊరి కిరాణా దుకాణపు ఖాతాలకో, మసీదు కమిటీ జమాఖర్చులకో చిన్న ప్రోగ్రాము మీరే రాయండి. దుకాణదారు దానిని వాడలేక విసుక్కున్న రోజున మీకు తెలిసేది ఏ తరగతి గదిలోనూ దొరకదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ఫోనులో “పని ఎక్కువగా ఉంది” అన్నప్పుడు, “అందరూ చేయడం లేదా?” అని నోరు మూయించకండి. తేదీ ఎవరు ఇచ్చారు, కుదరదని పైవారికి చెప్పావా, నీ పని ఇంకొకరికి తెలుసా అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు ఇంజనీరింగు చదవనక్కరలేదు. కాదనవలసిన చోట మర్యాదగా కాదనడం అవిధేయత కాదని వారికి మీ నోటి నుంచి వినబడాలి. ఉద్యోగం మీద ఇల్లు ఎంతగా ఆధారపడి ఉందో గుర్తుచేసినకొద్దీ వారు ఇంకా ఎక్కువగా తల ఊపుతారు.

ఈ రంగంలో ఉన్న యువతీ యువకులకు మేము ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోమని చెబుతుంటాము. మీరు చూసిన ప్రతి తప్పుకూ నాలుగు వరుసలు చాలు. ఏ రోజు బయటపడింది, ఏమి జరిగింది, అసలు కారణమేమిటి, ఏది మార్చాక ఆగింది. ఎవరి పేరూ రాయనక్కరలేదు. కొత్త ప్రాజెక్టులో చేరిన మొదటి వారంలో ఆ పుస్తకం తీసి, పాత పేజీలు ఒక్కసారి తిరగేయండి.